ఐదున్నరకు వెచ్చనయ్యే గది

బాతెల్, వాషింగ్టన్
12 జనవరి 2025, ఆదివారం

పిన్నికి,

పొద్దున ఫోన్‌లో నువ్వు తిన్నావా అన్నావు. తిన్నాను అన్నాను. బాబాయి చలి ఎలా ఉందన్నారు. ఉంది అన్నాను. ఫోన్ పెట్టేశాక చెప్పవలసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం.

నా ఉద్యోగం ఏమిటో బాబాయికి ఇప్పటికీ అర్థం కాలేదని కిందటిసారి రాశావు. చెబుతాను. పెద్ద భవనాల్లో చలి, వేడి, గాలి, దీపాలు చూసుకోవడానికి గదికో రెండు గదులకో ఒకటి చొప్పున చిన్న పెట్టెలుంటాయి. వాటిని కంట్రోలర్లు అంటారు. భవనానికి వెళ్లే ముందు అవి మా ల్యాబ్‌కి వస్తాయి. ఒక చెక్క గోడకు నలభై పెట్టెలు వరసగా బిగించి, అన్నిటినీ ఒకే తీగతో కలుపుతాం. నేనొక మీట తిప్పి ఒక పెట్టెకు గది చల్లగా ఉందని అబద్ధం చెబుతాను. అది నమ్మి వేడినీటి వాల్వు తెరవమంటుంది. అక్కడ వాల్వు లేదు, నీళ్లు లేవు, గదీ లేదు. ఒక చిన్న దీపం వెలుగుతుంది. ఎన్ని సెకన్లకు వెలిగిందో రాసుకుంటాను.

ప్రతి పెట్టెలోనూ ఒక గడియారం ఉంటుంది. రోజూ పొద్దున్నే నలభై గడియారాలనూ ఒకే సమయానికి కలిపిన తరువాతే పని మొదలుపెట్టాలి. ఆ నియమం మా సీనియర్ మల్లికార్జునరావుగారిది. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు. ఇక్కడివాళ్లు ఆయన్ని మల్లి అంటారు. నన్ను ఒక్క ప్రశ్న కూడా ఎక్కువ అడగరు. అందుకే ఆయనతో నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నాను.

మా అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ శనివారం మాత్రమే తెరుస్తున్నాను. నవ్వకు. గుంటూరు హాస్టల్లో సిస్టర్ ఉత్తరాలు పంచేది శనివారమే కదా. అమ్మ పోయిన ఏడాది నుంచి ప్లస్ టూ దాకా ప్రతి శనివారం నీ కవరు కోసం వరసలో నిలబడ్డాను. మిగిలిన రోజుల్లో తెరిస్తే ఖాళీగా ఉంటుందని ఇప్పటికీ భయం.

మీ ఇంటి పై గదిలో, అక్కడ ఉన్నప్పుడు నేను బిగించిన థర్మోస్టాట్ పనిచేస్తోందా? వచ్చే ఉత్తరం మీద తారీఖు వెయ్యి. ఎప్పుడూ వారం మాత్రమే రాస్తావు.

దేదీప్య

*

ఫ్రీమాంట్
ఆదివారం

దీపూ,

తారీఖు ఎందుకే? ఉత్తరం నీ చేతికి ఏ రోజు వస్తే అదే దాని తారీఖు. పదిహేనేళ్లుగా అలాగే రాస్తున్నాను, ఏమైనా నష్టం జరిగిందా?

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. లేని గదికి లేని నీళ్లు పంపించే ఉద్యోగమా, భలే ఉంది, మా ఆఫీసులో కూడా అంతేలే అన్నారు. రోజూ పొద్దున్నే రైలు పట్టుకుని వెళ్లి సాయంత్రానికి వాడిపోయి వస్తున్నారు. నేను స్కూల్లో లంచ్ డ్యూటీ చేస్తున్నాను. ఈల ఒకటి మెడలో వేశారు. రెండో తరగతి పిల్లలు నన్ను మిస్ వాసంత్ అంటారు. వసంతలక్ష్మిలో లక్ష్మిని గేటు బయటే వదిలేస్తున్నా.

నీ థర్మోస్టాట్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. సరిగ్గా ఐదున్నరకి టిక్‌మంటుంది, పైన హీటర్ వస్తుంది, ఏడున్నర దాకా గది వెచ్చగా ఉంటుంది. నువ్వు లేచి కూర్చుని చదువుకునే టైమే. మీ బాబాయి రోజూ టీ తాగుతూ పైకి చూసి, ఎవరి కోసమే అది అంటారు. ఎలా ఆపాలో కాస్త రాయి, ఆయన పోరు పడలేకపోతున్నాను.

ఉత్తరం అందిన వెంటనే జవాబు రాయి. నీ జవాబు వచ్చేదాకా నేను మళ్లీ రాయను, మన పద్ధతి నీకు తెలుసుగా. కారప్పొడి అయిపోయిందా?

పిన్ని

*

బాతెల్
23 ఫిబ్రవరి 2025, ఆదివారం

పిన్నికి,

ఆలస్యం నాదే. నెల కావస్తోంది. కారణం వింటే నవ్వుతావు.

నలభై పెట్టెలూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి ఒకటి మాట్లాడుతున్నప్పుడు మిగిలినవి ఊరుకోవాలి. మాట్లాడే వంతు ఒకదాని తరువాత ఒకదానికి అందుతుంది. మూడు వారాల కిందట ఉన్నట్టుండి తీగ అంతా తడబడడం మొదలైంది. కొన్ని పెట్టెలు కనిపిస్తాయి, మాయమవుతాయి, మళ్లీ వస్తాయి. పెట్టెలు చెడిపోయాయని రిపోర్టు రాయబోతుంటే మల్లికార్జునరావుగారు ఆపారు. “అమ్మాయ్, బాక్స్‌ని అనే ముందు వైర్ చూడు. వైర్ తరువాత అడ్రస్ చూడు. ఆ తరువాత కావాలంటే నన్ను తిట్టు” అన్నారు. చూస్తే పదిహేడో నంబరు రెండు పెట్టెలకు ఉంది. వాటిని వరసలో పెట్టింది నేనే. పదిహేడు అని పిలిస్తే రెండూ ఒకేసారి పలుకుతున్నాయి, ఏ ఒక్కటీ వినబడడం లేదు. ఒకదాన్ని నలభై ఒకటి చేశాక అన్నీ కుదురుకున్నాయి. పోయిన రోజులన్నిటి పరీక్షలూ మళ్లీ చేయవలసి వచ్చింది.

థర్మోస్టాట్ ఆపడానికి మూడు పనులు. కింద ఎడమవైపు మీటను మూడు సెకన్లు నొక్కి ఉంచాలి. తెర మీద గడియారం బొమ్మ వస్తుంది. బొమ్మ కింద ఉన్న చిన్న మీటను పక్కకు జరపాలి. అంతే, ఇక రాదు.

ఇంకొకటి. మీ కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక ఆసుపత్రి కడుతున్నారు. మా గోడ మీది పెట్టెలన్నీ అక్కడికే వెళతాయి. వాటిని నిజం గదుల్లో బిగించి, కలిపి, పరీక్షించడానికి ఏప్రిల్ నుంచి పధ్నాలుగు నెలలు మాలో ఒకరు అక్కడ ఉండాలి. మార్చి 21లోగా పేరు ఇవ్వాలి. పనిచేసే ఊరు మారితే వీసా కాగితాలు కూడా మార్చాలి, దానికి సమయం పడుతుందట. నేనింకా ఇవ్వలేదు. డబ్లిన్ మీ ఇంటికి ఇరవై మైళ్లు అనుకుంటాను.

పై గది ఎలా ఉంది? ఖాళీగానే ఉందా? ఊరికే అడిగాను.

దేదీప్య

*

ఫ్రీమాంట్
శుక్రవారం

దీపూ,

నువ్వేమనుకుంటావో అని రెండు రోజులు కలం పట్టుకోలేదు. చాలా ఆలోచించే రాస్తున్నాను.

పై గది రాజీవ్ అనే అబ్బాయికి ఇస్తున్నాం. మీ బాబాయి ఆఫీసులో కొత్తగా చేరాడు, ఇల్లు కుదిరేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలట. ఒకటో తారీఖున వస్తాడు. గది ఊరికే పడి ఉంది కదా అన్నారు మీ బాబాయి. కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేకపోయింది.

నీ పుస్తకాలు నాలుగు అట్టపెట్టెల్లో సర్ది గరాజ్‌లో పెట్టాను. బాతెల్ పంపించనా? నీ నీలం శాలువా మాత్రం నా బీరువాలో ఉంది.

నువ్వక్కడ కుదురుకున్నావు. నీకో ఉద్యోగం, ఒక పెద్దాయన అండ, నీ గది నీకు. మాకు కావలసిందీ అదే. నా గురించి, ఈ ఇంటి గురించి మనసులో పెట్టుకోకు. చక్కగా పని చేసుకో.

ఇక్కడ వాన. స్కూల్లో పిల్లల్ని బయటికి వదల్లేదు, ఈల ఊదే పని పడలేదు.

పిన్ని

*

బాతెల్
8 మార్చి 2025, శనివారం

పిన్నికి,

కిందటి శనివారం ల్యాబ్‌లోనే ఉండిపోయి మెయిల్‌బాక్స్ తెరవలేదు. నీ ఉత్తరం ఇవాళ తీశాను.

మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. బాగుంది. రాజీవ్‌గారికి ఆ కిటికీ బిగుసుకుపోతుందని చెప్పు. కింద నుంచి కాకుండా పక్క నుంచి నెట్టాలి.

పుస్తకాలు పంపవద్దు. నీ స్కూలు లైబ్రరీ తీసుకుంటే ఇచ్చెయ్యి. శాలువా నువ్వే కప్పుకో.

డబ్లిన్ పనికి నా పేరు ఇవ్వడం లేదు. ఇక్కడ పని చాలా ఉంది.

బాబాయికి నమస్కారాలు చెప్పు.

దేదీప్య

*

ఫ్రీమాంట్
మంగళవారం

దీపూ,

నీ ఉత్తరం అందింది. ఐదుసార్లు చదివాను.

గది రాజీవ్‌కి ఇస్తున్నామని అంత వివరంగా రాశాక కూడా ‘పై గది ఖాళీగానే ఉందా’ అని అడిగావు. అది అడగడం కాదే, దెప్పడం. పైగా ఊరికే అడిగానని ఒక ముక్క. చిన్నప్పటి నుంచి నువ్వు ఒక్క మాట ఎదురు చెప్పి ఎరుగవు. ఇప్పుడు మాత్రం నాలుగు పదాల్లో గుచ్చడం నేర్చుకున్నావు. నేర్చుకో, మంచిదే, నలుగురిలో పని చేస్తున్నదానివి.

హీటర్ ఆపడానికి మూడు పనులు ఎంతో శ్రద్ధగా రాశావు. చివర ‘అంతే, ఇక రాదు’ అన్నావు. సరే.

డబ్లిన్‌కి వస్తానో రానో రాయలేదు. వస్తే ఎక్కడ ఉంటావో రాయలేదు. ఇరవై మైళ్లని మాత్రం లెక్క చెప్పావు. నేను అడగను. రమ్మని నేనంటే నువ్వు కాదనలేవు, కాదనలేక వచ్చేదాన్ని నేను పిలవను. నీకు రావాలని ఉంటే నువ్వే అంటావు.

రాజీవ్ మంచివాడే. తిన్న ప్లేటు కడిగి పెడతాడు. మెట్ల మీద వాడి అడుగులు వినబడితే తలెత్తి చూస్తున్నాను. అలవాటు పోవాలి.

పిన్ని

*

బాతెల్
16 మార్చి 2025, ఆదివారం

పిన్నీ,

పొద్దున ఫోన్‌లో చెప్పాలనుకున్నాను. నువ్వు తిన్నావా అన్నావు. తిన్నాను అన్నాను. బాబాయిని కూడా అడగకుండా ఫోన్ పెట్టేశాను. ఈ ఉత్తరం పూర్తిగా చదువు, మధ్యలో బాబాయికి వినిపించకు.

గురువారం ల్యాబ్‌లో ఒక సంగతి జరిగింది. ఒక పెట్టె నేను వాల్వు తెరవమని ఆజ్ఞ ఇవ్వకముందే తెరుస్తోంది. నా కంప్యూటర్‌లో ఆజ్ఞ వెళ్లిన సమయం తొమ్మిదీ పధ్నాలుగు. పెట్టె రాసుకున్న సమయం తొమ్మిదీ పదమూడు. నాలుగుసార్లు చేసి చూశాను, ప్రతిసారీ అంతే. పెట్టెలో లోపం ఉందని రాసి మల్లికార్జునరావుగారికి ఇచ్చాను. ఆయన కాగితం చదివి కళ్లజోడు తీశారు. “ఆర్డర్ ఇవ్వకముందే పని చేసే బాక్సా? అలాంటిది దొరికితే మా ఇంటికి తీసుకుపోతానమ్మా, మా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు” అన్నారు. తరువాత మెల్లగా, “పొద్దున క్లాకులు కలిపావా?” అని అడిగారు.

కలపలేదు. నీ శుక్రవారం ఉత్తరం చదివినప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి మరిచిపోతున్నాను. ఆ పెట్టె గడియారం ఒక నిమిషం వెనక ఉంది. ఆజ్ఞ ముందే వెళ్లింది, తరువాతే వాల్వు తెరుచుకుంది. రెండు గడియారాలు కలవకపోవడం వల్ల వరస తలకిందులైంది.

నిన్న శనివారం నీ మంగళవారం ఉత్తరం వచ్చింది. గది ఇస్తున్నామని రాశాక కూడా అడిగావన్నావు. అక్కడ ఆగిపోయాను. నేను అడిగినప్పుడు గది సంగతి నాకు తెలియదు పిన్నీ. తెలిసి ఉంటే అడగను.

చెత్తబుట్ట పక్కన పెట్టిన కాగితాల్లోంచి నీ కవర్లు వెతికి తీశాను. శుక్రవారం ఉత్తరం కవరు మీద పోస్టు ముద్ర ఫిబ్రవరి 21. నేను నిన్ను గది గురించి అడిగింది 23న. నా కవరు నీ దగ్గర ఉంటే చూడు, దాని మీద 24 ఉండాలి. నీ మంగళవారం కవరు మీద మార్చి 5 ఉంది, నా ఎనిమిదో తారీఖు ఉత్తరం అందకముందే రాశావు.

అంటే నా జవాబు రాలేదని నువ్వు మన పద్ధతి పక్కనపెట్టి మళ్లీ రాశావు. అదే సమయంలో నేనూ రాశాను. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. నేను బాక్స్ తెరిచేసరికి మార్చి 8 అయింది. శుక్రవారం అంటే 28 అనుకున్నాను. గది అడిగితే, ఆలోచించి, వేరొకరికి ఇచ్చామని నువ్వు జవాబిచ్చావనుకున్నాను. నువ్వేమో గది ఇచ్చిన సంగతి చదివి నేను దెప్పాననుకున్నావు. మనిద్దరిలో ఎవరూ ఎవరికీ జవాబు ఇవ్వలేదు. నీ ఉత్తరం మీద తారీఖు లేదు. నేను శనివారం తప్ప బాక్స్ తెరవను. తప్పు చెరి సగం.

ఇప్పుడు అసలు మాట. 23న నాలుగుసార్లు రాసి కొట్టేసి, చివరికి ‘ఊరికే అడిగాను’ అని రాశాను. ఊరికే అడగలేదు.

కిందటి సెప్టెంబరులో నేను బయలుదేరుతుంటే కారు దగ్గర నిలబడి, ‘వెళ్లు, మంచిదే’ అన్నావు. నీ కళ్లు తడి కాలేదు. ఆరు నెలలు నీ ఇంట్లో ఉన్నాను కదా, చాలిందేమో అనుకున్నాను. ఇక్కడ ప్రతి పొద్దునా ఐదున్నరకు మెలకువ వస్తుంది. గది చల్లగా ఉంటుంది. హీటర్ లేక కాదు, నేను పెట్టుకోవడం లేదు. కింద నువ్వు గిన్నెలు కదిపే చప్పుడు లేకుండా వెచ్చగా ఉండి ఏం చేయాలి?

డబ్లిన్ ఆసుపత్రి ఒక సాకు. నాకు నీ దగ్గర ఉండాలని ఉంది. నాకు రావాలని ఉంటే నేనే అంటానన్నావు. అంటున్నాను.

నీ జవాబు కోసం ఆగితే గడువు దాటిపోతుంది. రేపు పొద్దున గడియారాలు కలిపి, ఆ తరువాత వెళ్లి పేరు ఇస్తాను. ఏప్రిల్ 6, ఆదివారం అక్కడ ఉండాలి. రాజీవ్‌గారు ఆ గదిలో ఉంటే ఉండనీ. హాల్లో సోఫా చాలు. అదీ కుదరకపోతే డబ్లిన్‌లో ఎక్కడైనా ఉంటాను, ఆదివారాలు వస్తాను. కానీ నిజంగా కుదరకపోతేనే అలా రాయి. నా మంచి కోసం అయితే వద్దు.

రేపటి నుంచి మెయిల్‌బాక్స్ రోజూ తెరుస్తాను.

దేదీప్య

*

ఫ్రీమాంట్
2025 మార్చి 21, శుక్రవారం, ఉదయం ఆరుంబావు

దీపూ,

తారీఖు వేశాను, చూడు. సంవత్సరంతో సహా. గంటలు కూడా వేశాను, మీ మల్లికార్జునరావుగారికి చూపించు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. స్కూల్ నుంచి వచ్చి మెడలో ఈలతోనే చదివాను. నీ కవరు దొరికింది. నువ్వన్నట్టే 24 ఉంది. నేను నీ కవర్లు ఒక్కటీ పారేయలేదు, హాస్టల్ రోజులవి కూడా ఉన్నాయి. ముద్రలు మాత్రం ఎన్నడూ చూడలేదు. ఎనిమిదో తారీఖు ఉత్తరం చదివిన రోజున మాత్రం అన్నీ తీసి పారేద్దామనుకున్నాను. పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చెయ్యమన్నావే, ఎంత మాట. అవి గరాజ్‌లో కూడా లేవు, మొన్న వాన పడితే తడుస్తాయని నా మంచం కిందకి చేర్చాను.

కారు దగ్గర ఏడిస్తే నువ్వు ఆగిపోతావే. అమ్మ లేని పిల్ల, చేతికొచ్చిన ఉద్యోగం నా కన్నీళ్లు చూసి వదులుకుందంటే నాకు నిద్ర పడుతుందా? అందుకే మంచిదే అన్నాను. నువ్వు మలుపు తిరిగాక మీ బాబాయి నన్ను లోపలికి తీసుకెళ్లడానికి అరగంట పట్టింది. ఆయన్నడుగు.

రాజీవ్ సంగతి విను. వచ్చిన మూడో రోజే, ఆంటీ, మార్నింగ్ ఫైవ్ థర్టీకి రూమ్ అంతా ఓవెన్‌లా అయిపోతోంది, ఆ హీటర్ ఆఫ్ చేయొచ్చా అన్నాడు. నాకు ఆపడం రాదు బాబూ అన్నాను. తనే గూగుల్ చేసి ఆపుతానన్నాడు. ముట్టుకోవద్దు, మా అమ్మాయి బిగించింది, పాడైపోతుంది అన్నాను. నువ్వు రాసిన మూడు పనులూ వంటింటి సొరుగులో ఉన్నాయి. నాకు కంఠస్థం. మీట మూడు సెకన్లు, గడియారం బొమ్మ, పక్కకు జరపాలి. ఒకరోజు పైకి వెళ్లి మీట మీద వేలు కూడా పెట్టాను. నొక్కలేకపోయాను. పాపం ఆ అబ్బాయి రెండు వారాలు ఓర్చుకుని, మొన్న శనివారం ఫ్రెండ్స్ దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ థాంక్యూ ఆంటీ, యువర్ హౌస్ ఈజ్ వెరీ వార్మ్ అన్నాడు. మీ బాబాయి రెండు రోజులు నవ్వారు.

సోఫా మీద పడుకుంటుందట. పడుకో, చూస్తాను.

నిన్న సాయంత్రం మీ బాబాయి నీ కిటికీకి మైనం రాశారు, ఇప్పుడు కింద నుంచి నెట్టినా వస్తోంది. మంచం గోడవైపు జరిపాం. నీ డబ్లిన్ ఎంత దూరమో ఆయన ఫోన్‌లో చూసి, పొద్దున ట్రాఫిక్‌లో గంట అన్నారు. గంట ముందే లేపుతానులే.

ఇది రాయడానికి కూర్చోబోతుండగా, అంటే ముప్పావు గంట కిందట, పైన టిక్‌మంది. టీ గ్లాసు పట్టుకుని పైకి వెళ్లాను. మీ బాబాయి ఇవాళ ఎవరి కోసమే అది అనలేదు. గది వెచ్చబడేదాకా నీ మంచం మీద కూర్చుని వచ్చాను. ఏప్రిల్ ఆరుకి ఇంకా పదహారు పొద్దులు.

పిన్ని